నాలుగు వందల స్పీడు

ఇంకా ఒక్క ఎర్ర గీతా పడలేదు. నీలం తెర మీద తెల్ల అంకెలు దొర్లిపోతున్నాయి, మూలన ఒక చిన్న పుల్లలాంటిది గిర్రున తిరుగుతోంది, పరీక్ష నడుస్తోందనడానికి అదే ఆనవాలు. ఫణి కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు బల్ల కింది పాత యూపీఎస్ డబ్బా మీద పెట్టుకుని చూస్తున్నాడు. చూడటం తప్ప చెయ్యాల్సిందేమీ లేదు. నాలుగు వందల స్పీడు మీద నడవమని కంప్యూటరు లోపలి బోర్డుకి తనే చెప్పాడు. దాని జ్ఞాపకమైన ర్యామ్ ముక్కలు రెండింటి మీదా అంటించిన కాగితంలో రాసి ఉన్నదీ అదే, నాలుగు వందలు. కానీ ఈ ఇంటికి వచ్చాక ఒక్కోరోజు ఆ స్పీడు మీద అవి లేవవు. తెర నల్లగా ఉండిపోతుంది. ఆపి మళ్ళీ వేస్తే బోర్డు ఒకసారి దెబ్బ తిన్న పిల్లాడిలా వెనక్కి తగ్గి, మూడు వందల ముప్ఫై మూడు చూపించి అక్కడే కూర్చుంటుంది. పట్టుబట్టి నాలుగు వందలు పెడితే ఎవరిదో పెళ్ళి వీడియో మధ్యలో, జీలకర్రా బెల్లం దగ్గర, చేతులు తలల మీద ఉండగానే బిగుసుకుపోతుంది. కొన్ని రోజులు మాత్రం ఏ పేచీ లేకుండా నడుస్తుంది. అందుకే ఈ పరీక్ష. పరీక్ష సీడీ వేస్తే అది ర్యామ్‌లో ఒక్కో గదిలో ఒక్కో అంకె దాచి, మళ్ళీ వెనక్కి అడుగుతుంది. దాచిందే ఇస్తే సరే, వేరేది ఇస్తే ఎర్ర గీత. ఎర్ర గీత పడితే ముక్కలు చెడ్డవి. ముక్కలు చెడ్డవైతే అవి బిగించిన లాజరు మోసగాడు. పడకపోతే... ఆ రెండో సగం దగ్గరికి రాగానే ఫణి ఆలోచన పక్కకి జరిగింది, ఎండలో చెప్పుల్లేని కాలు నీడ వెతుక్కున్నట్టు.

గది పెద్దదేం కాదు. ఒకప్పటి వసారాకి గోడ లేపి గది చేశాడు. వీధి తలుపు మీద వీడియో మిక్సింగ్ అని రంగులతో రాయించాడు గానీ పెనుమూడిలో ఎవరికైనా అది ఇప్పటికీ ఫణి వాళ్ళ వసారానే. ఒక గోడకి అద్దం, అద్దం కింద చెక్క మీద పౌడరు డబ్బా, పళ్ళు ఊడిన దువ్వెన, ఎర్ర తిలకం సీసా, పక్కన మేకుకి నల్ల కోటు. పాస్‌పోర్టు సైజు ఫోటోకి ఎవరొచ్చినా ఆ కోటే తొడుక్కుంటారు. ఊళ్ళో సగం మంది మగాళ్ళు జన్మలో వేసుకున్న కోటు అదొక్కటే. ఇంకో గోడకి కంప్యూటరు. లోపలి గదుల్లో ఎవరూ లేరు. అమ్మ పోయిన కొత్తల్లో వంటింట్లో గిన్నె కదిలితే ఉలిక్కిపడి లేచేవాడు, చూస్తే పిల్లి. ఏమీ దొరకడం లేదని ఈమధ్య అదీ రావడం మానేసింది. ఇంట్లో వినిపించే మనుషుల గొంతులన్నీ పెళ్ళి వీడియోల్లోవే. ఒక్కో పెళ్ళీ రోజుల తరబడి చూస్తాడు, ముందుకీ వెనక్కీ తిప్పుతూ. పెళ్ళికూతురు ఎప్పుడు దొంగచాటుగా కళ్ళు తుడుచుకుందో, పెళ్ళికొడుకు మేనమామ ఎవరి మీద పళ్ళు కొరుకుతున్నాడో అతనికి తెలిసినంతగా ఆ ఇంట్లోవాళ్ళకి తెలీదు. ఒకసారి రేపల్లె బస్టాండులో ఎవరో ఒకామె పిల్లని చంకనేసుకుని నిలబడి ఉంటే, బాగా కావలసిన మనిషి కనిపించినట్టు గబగబా దగ్గరికి వెళ్ళి నవ్వాడు. ఆమె పిల్లని ఇంకో చంకకి మార్చుకుని అటు తిరిగింది. అప్పుడు తట్టింది, ఆమె తనని ఎప్పుడూ చూడలేదని. మూడు రోజుల పాటు ఆమె అప్పగింతల ఏడుపు తెర మీద కోసి అతికించింది తను. ఆమె ఏడ్చింది కెమెరా దీపం వెలుగులో, ఆ వెలుగు వెనక ఎవరున్నారో కనపడదు. వెలుగు పట్టుకున్నవాణ్ణి ఎవరూ చూడరు.

దూరంగా అరటితోటల్లో మోటారొకటి అందుకుంది, దాని వెనకే ఇంకోటి, ఇంకోటి. ఈ వారం త్రీ ఫేజు కరెంటు మధ్యాహ్నం వంతు కాబోలు. గట్టు కింద బసవపున్నయ్య బాబాయి మోటారుకి మాత్రం మిగతావాటికి లేని ఒక దగ్గు ఉంది, నాలుగు తిప్పులకొకసారి దగ్గుతుంది. చిన్నప్పుడు ఆ చప్పుడుకే నిద్ర పట్టేది. పైన ఫ్యాను బద్ధకంగా తిరుగుతోంది, రెక్కలు వేరువేరుగా లెక్కపెట్టేట్టుంది. మెడ వెనక చెమట పట్టింది. తువ్వాలు తీసుకుని తుడుచుకుని మళ్ళీ తెర వైపు చూసేసరికి, ఎర్ర గీత.

ఒకటి కాదు. ఒకదాని కింద ఒకటి, చూస్తుండగానే. దాచమన్నదొకటి, తిరిగిచ్చింది మరొకటి. ఫణి కాళ్ళు దించి ముందుకి వంగాడు. దొరికాడు, అనుకున్నాడు. దొరికాడు లాజరు. ఇన్నాళ్ళ తర్వాత ఎక్కడో ఏదో చల్లబడాలి కదా, అలాంటిదేమీ జరగలేదు. తను చెప్పిందే నిజమైంది. నిజమైతే ఎవరికి చెప్పాలి? ఇలాంటి సంగతి ఏదైనా జరిగితే పరిగెత్తి చెప్పడానికి ఒక్కడే ఉండేవాడు, వాడు లాజరే. ఒరేయ్ దొరికాడురా అని లాజరుకి ఫోన్ చేసి లాజరు గురించి చెప్పాలన్నమాట. నవ్వొచ్చింది. ఖాళీ ఇంట్లో తన నవ్వు తనకే బాగోలేదు, ఆపేశాడు.

బాపట్లలో కంప్యూటర్ కోర్సు చదివేటప్పుడు ఇద్దరిదీ ఒకే గది, రైలు కట్టకి ఆనుకుని. గుంటూరు వైపు బండి పోతుంటే గోడకున్న అద్దం గడగడ కొట్టుకునేది, గడ్డం గీసుకుంటున్నవాడు బండి దాటేదాకా బ్లేడు గాల్లో పట్టుకుని నిలబడేవాడు. లాజరుకి పుస్తకం కంటే స్క్రూడ్రైవర్ మీద ఎక్కువ నమ్మకం. పాడైనది ఏదైనా సరే, గడియారం, రేడియో, ఇంటివాళ్ళ మిక్సీ, ముందు చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు, అది ఏదో చెప్పుకుంటున్నట్టు. ఆదివారాలు చర్చి నుంచి రాగానే సైకిల్ మీద సూర్యలంక. కెరటాల్లోకి దిగడు, భయం. ఒడ్డున ఫణి బట్టలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఇంక చాల్రా, చేపలు నిన్ను పెళ్ళి చూపులు చూస్తున్నాయి, వచ్చెయ్ అని అరిచేవాడు. తన బట్టలు ఎవరో ఒకరు ఒళ్ళో పెట్టుకుని కాపలా కాసిన రోజులు. అలా ఎవరైనా ఒడ్డున ఉంటేనే లోతుకి వెళ్ళగలిగేవాడు ఫణి. ఆ సంగతి అప్పుడు తెలీదు, ధైర్యం తనదే అనుకున్నాడు.

ఇంకో మూడు గీతలు. బసవపున్నయ్య మోటారు దగ్గింది.

లాజరు తెనాలిలో బోసురోడ్డు మీద మెట్లెక్కితే పైన కంప్యూటర్ షాపు పెట్టాడు. చెల్లెలు ప్రశాంతి పెళ్ళికి వీడియో తీసింది ఫణే. మిక్సింగ్ మొదలుపెట్టబోతున్నానని చెప్తే, ఆ పాత ర్యామ్‌తోనా, మా చెల్లి పెళ్ళి నీ మెషీన్ మీద నత్త నడిచినట్టు నడవడానికి వీల్లేదురా అని, తనే ఈ రెండు ముక్కలూ తెప్పించి బిగించాడు. షాపులో బ్రహ్మాండంగా నడిచింది. కంప్యూటరు పెట్టెని రైల్లో ఇంటికి తెచ్చి వేస్తే మూడు వందల ముప్ఫై మూడు. మళ్ళీ పాత పంచెలో చుట్టి, రేపల్లె వెళ్ళి, తెనాలి పాసింజరెక్కి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వేమూరులో ఎక్కిన పెద్దావిడ ఆ మూట వంక చూసి చూసి, హార్మణీ పెట్టా నాయనా, ఎక్కడాడుతున్నారు నాటకం, అని అడిగింది. కాదమ్మా, కంప్యూటరు అంటే ఆమెకి నచ్చలేదు. ఈ వయసులో అబద్ధాలాడ్డం దేనికి, ఒక్క పద్యం పాడకూడదూ, అంది. ఆ సంగతి చెప్తే లాజరు కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వి, అప్పటి నుంచీ మెట్ల మీద ఫణి తల కనిపించగానే, రండి రండి నాటక సమాజం వారు, అని కేకేసేవాడు. పెట్టె విప్పడం, చెవి పెట్టి వినడం, ముక్కలు తీసి రబ్బరుతో తుడిచి మళ్ళీ గుచ్చడం, నాలుగు వందలు కనిపించడం. సాయంత్రం దాకా నడిపి చూసేవాళ్ళు, ఒక్క తప్పూ ఉండేది కాదు. మధ్యాహ్నం లాజరు క్యారేజీ విప్పి మూతలోకి సగం తీసి ఇటు తోసేవాడు. సాయంత్రం బండికి ఇంటికి. ఇంట్లో మళ్ళీ అదే రోగం. అలా ఎన్నిసార్లు తిరిగాడో. పోనుపోను స్టేషన్‌లో టికెట్ కిటికీ దగ్గర నిలబడినప్పుడు తనకి విసుగు రావడం లేదని ఫణి గమనించాడు. గమనించి, ఆ సంగతి పక్కన పడేశాడు.

అనుమానం ఎప్పుడు పుట్టిందో చెప్పలేడు. ఒక పొద్దున గడ్డం గీసుకుంటుంటే అద్దంలోంచి వచ్చినట్టు వచ్చింది. అక్కడ నడుస్తాయి, ఇక్కడ నడవవు. అయితే అక్కడివీ ఇక్కడివీ ఒకటేనా? చూపించేటప్పుడు మంచివి పెట్టి, పంచెలో చుట్టేటప్పుడు మార్చేస్తున్నాడేమో. ఒంటరిగా ఉన్న మనిషి బుర్రలోకి ఇలాంటిదొకటి వస్తే దాన్ని బయటికి వెళ్ళగొట్టే రెండో మనిషి ఉండడు. అది కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. అద్దం కింద తిలకం సీసా ఉంది. మూత విప్పి, పుల్లతో, రెండు ముక్కల మీదా కాగితం అంచున ఒక్కో చుక్క పెట్టాడు. ఇదే షాపు ఇంకెవరిదైనా అయితే, తెనాలిలోనే రామలింగేశ్వర పేటలో తమ వాళ్ళెవరిదైనా అయితే, ఈ చుక్క పెట్టేవాడా? ఆ ప్రశ్న ఇప్పుడు కూడా పూర్తిగా అడుక్కోలేకపోతున్నాడు. లాజరు మొదటిసారి పెనుమూడి వచ్చినప్పుడు, ఎవరబ్బాయిరా, అని అమ్మ లోపల్నించి అడిగింది. బాపట్లలో నా రూమ్మేటు, అన్నాడు ఫణి. ఆవిడ అడిగింది అది కాదు, అతను చెప్పాల్సిందీ అది కాదు, ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. లాజరు చెప్పులు విప్పిన చోటే, గుమ్మం బయటే, మంచం మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, బండి టైమైందని లేచాడు. బండికి ఇంకా చాలా టైముంది.

మొన్న సోమవారం షాపు నిండా జనం. లాజరు ముక్కలు బయటికి తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు.

"ఇదేంట్రా, దీనికి బొట్టు పెట్టావ్?"

"దసరాకి పూజ చేసుకుని ఉంటారులెండి" అన్నాడు ప్రింటరు కోసం వచ్చిన ప్రకాశరావు మాస్టారు. "మా ఇంట్లో గ్రైండరుకి కూడా పెడతారు."

అందరూ నవ్వారు, లాజరు కూడా. ఎంత మంచి అబద్ధం, ఎవరో అరచేతిలో పెట్టి మరీ ఇచ్చారు. అవునండి అంటే చాలు. పూజ చేసుకున్నాను అంటే, అందులో తప్పేముంది, ఎవరు మాత్రం చేసుకోరు. ఫణి నోరు తెరిచింది అందుకే. వచ్చింది వేరు.

"పూజ కాదు. ఇక్కడ చూపించేవీ నాకు కట్టిచ్చేవీ ఒకటో కాదో తెలుసుకోడానికి పెట్టా."

నవ్వులన్నీ ఒక్కసారి ఆగిపోతే కింద రోడ్డు మీది రిక్షా గంట వినిపించింది. లాజరు ముక్కల్ని ఇటూ అటూ తిప్పి చూశాడు, అవి తనవి కానట్టు.

"ఒకటేనా మరి?"

"చుక్క ఒకటే" అన్నాడు ఫణి. "సరుకు ఎలాంటిదో ఎవడికి తెలుసు?"

అక్కడితో ఆపినా సరిపోయేది, ఆపకపోయినా ఇంకా అనడానికేమీ మిగల్లేదు. లాజరు ముక్కలు గుచ్చి, పక్క రేకు మూసి, మామూలుగా రెండు మరలతో సరిపెట్టేవాడు ఆ రోజు అన్ని మరలూ వెతికి బిగించాడు. పంచె తనే చుట్టాడు, మూలలు సరిచేసి, ముడి వేసి. క్యారేజీ విప్పలేదు. మెట్ల దాకా రాలేదు. రైల్లో ఆ పెట్టె ఒళ్ళో ఎప్పుడూ లేనంత బరువుగా ఉంది. ఆ రోజు దాని గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

తెర సగం ఎర్రబడింది. ఇంక పరీక్ష ఆపెయ్యచ్చు, తేలాల్సింది తేలింది. అయినా చెయ్యి మీట దాకా వెళ్ళలేదు. కళ్ళ ముందు ఎర్ర గీతలున్నాయి గానీ వాటి వెనక ఇంకో బొమ్మ కదులుతోంది. ఆ కంప్యూటరు డిస్కులోనే ఉంది, ప్రశాంతి పెళ్ళి, సగం మిక్సింగు చేసి ఆపింది. సోమవారం నుంచి దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుతూనే ఉన్నాడు, మిక్సింగ్ కోసం కాదు, లాజరు మొహం కోసం. చర్చి గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళకి చేతులు కలుపుతున్న లాజరుని ఆపి ఆపి చూశాడు. మోసం చేసేవాడి కళ్ళల్లో ఏదో ఒకటి ఉండాలి, ఇన్ని పెళ్ళిళ్ళు చూసిన కళ్ళకి అది దొరకాలి. దొరకలేదు. దొరికింది వేరేది. భోజనాల దగ్గర ముక్క, వీడియోలో ఉంచడానికి వీల్లేక పక్కన పడేసింది. బంతి సగంలో ఉంది, లాజరు జనంలోంచి నేరుగా కెమెరా మీదికి వస్తాడు, చేతిలో పళ్ళెం. పెళ్ళిళ్ళలో కెమెరావాడు ఆఖరి బంతి, ఒక్కోసారి అదీ ఉండదు. ఎవరికీ గుర్తు రాదు, అది ఎవరి తప్పూ కాదు. దించరా దాన్ని, పొద్దుటి నుంచీ నువ్వేం తినలేదు, అంటాడు లాజరు, గొంతు కెమెరా మైకుకి మరీ దగ్గరై పగులుతుంది. బొమ్మ పక్కకి ఒరిగి, షామియానా గుంజ, ఎవరివో చెప్పులు, ఆ తర్వాత పళ్ళెం, పళ్ళెం వైపు చాపిన ఒక చెయ్యి. ఫణి చెయ్యి. ఇన్నేళ్ళలో, ఇన్ని వందల పెళ్ళిళ్ళలో, అతను కనిపించేది అక్కడొక్కచోటే. ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూశాడు. ఆకలిగా ఉన్నట్టుంది ఆ చెయ్యి.

వీధి తలుపు దగ్గర నీడ పడింది. బసవపున్నయ్య బాబాయి, పంచె మోకాళ్ళ పైకి కట్టి, కాళ్ళకి బురదతో, గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"ఏంటబ్బాయ్, ఇంకా ఆ పెట్టె ముందేనా? ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళన్నీ నువ్వే చేసుకుంటే మిగతా కుర్రాళ్ళు ఏమైపోవాలి?"

"తోట తడిసిందా బాబాయ్?"

"ఎక్కడ తడిసింది, రెండు సాళ్ళు మిగిలాయి. త్రీ ఫేజు పీకేశాడు. మళ్ళీ రేపే." ఆయన లోపలికి తొంగి చూశాడు. "ఏంటది, జాతకమా? మంచి రంగులేశావే."

జాతకమే బాబాయ్ అన్నాడు ఫణి. ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. వెళ్ళాక గది కొత్తగా అనిపించింది, ఎందుకో తెలీలేదు. చప్పుడు లేదు. తోటల వైపు నుంచి ఏ చప్పుడూ లేదు, చాలాసేపటి నుంచి లేదేమో. పైన ఫ్యాను గాలి తలమీద గట్టిగా కొడుతోంది. రెక్కలు కనపడటం లేదు, ఒక బూడిదరంగు చక్రం, అంతే. అద్దం మీది ట్యూబ్‌లైటు తెల్లగా, నిలకడగా వెలుగుతోంది. ఫణి తెర వంక చూశాడు. ఎర్ర గీతలు అక్కడే ఉన్నాయి, పాతవి. కొత్తది ఒక్కటి లేదు. పుల్ల తిరుగుతోంది, అంకెలు దొర్లుతున్నాయి. దాచినవి దాచినట్టు తిరిగొస్తున్నాయి. ఊపిరి బిగపట్టి ఒక చుట్టు పూర్తయ్యేదాకా చూశాడు. ఇంకో చుట్టు మొదలైంది. ఒక్క తప్పు లేదు.

మోటార్లు. తోటలన్నీ ఒక్కసారి నీళ్ళు లాగితే ఊరి కరెంటు వోల్టేజీ పడిపోయి, ఊపిరి ఆడనట్టు కొట్టుకుంటుంది. అది తనకి తెలీదా? చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, మోటార్లు అందుకోగానే టీవీలో బొమ్మ నాలుగు పక్కలా ముడుచుకుపోయి పోస్టుకార్డంత అవుతుంది, అమ్మ ఫ్యాను కింద కూర్చుని విసనకర్ర వెతుక్కుంటుంది. పుట్టినప్పటి నుంచీ ఉన్నది రోగంలా కనపడదు, అది ఇంటి వాతావరణం అనుకుంటాం. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోతే దాన్ని కాళ్ళ కింద పీట చేసుకుని తీగ నేరుగా గోడకి పెట్టింది తనే. ఒక వారం వంతు పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, అందుకే ఒక్కోరోజు నడిచింది, ఒక్కోరోజు నడవలేదు. తెనాలిలో బోసురోడ్డు మీద తోటలు లేవు. అంతే. ముక్కలు మంచివి. చుక్క పెట్టక ముందూ మంచివే, పెట్టాకా మంచివే. ఆ మధ్య లాజరు పెట్టెకి చెవి పెట్టి విని తలెత్తి అడిగాడు కూడా, మీ ఊళ్ళో కరెంటు ఎలా ఉంటుందిరా అని. షాపులో నలుగురున్నారు. పెనుమూడి అంటే పడవ దాటే ఊరనీ ఆ చివరనెక్కడో అనీ నవ్వే తెనాలి వాళ్ళు. కృష్ణ మీద వంతెన వచ్చింది కదా, ఇప్పుడిక నవ్వడానికి లేదు కదా. మా ఊళ్ళో కరెంటుకేం, మీ తెనాలికంటే నయం, అన్నాడు ఫణి. లాజరు నమ్మాడు. ఫణి చెప్పింది లాజరు నమ్మాడు.

ఎండ గుమ్మం దిగి వీధిలోకి వెళ్ళిపోయింది. ఇప్పుడేం చెయ్యాలి? ఎవరికీ తెలీదు ఈ సంగతి. రేపు మళ్ళీ పంచెలో చుట్టుకుని వెళ్ళచ్చు, ఇంకా రావట్లేదురా, ఒక్కసారి చూడు, అని. వాడు చూస్తాడు. పాడైనది చేతికిస్తే వాడు చూడకుండా ఉండలేడు, కోపం ఉన్నా సరే. చెవి పెడతాడు. సాయంత్రం దాకా కూర్చోవచ్చు. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో చూసుకుని ఫణికి తన మీద తనకే భయం వేసింది. పక్కన పడేసిన సంగతి ఇప్పుడు తనంతట తనే వచ్చి ఎదురుగా నిలబడింది. ఇన్నాళ్ళూ మెషీన్ బాగుపడాలని కాదు తిరిగింది. బాగుపడితే రైలెక్కడానికి కారణం ఉండదు. ఆ రోగమే తనకి మిగిలిన చుట్టరికం. దాన్ని కాపాడుకుంటూనే, అది ఎందుకు తగ్గలేదని వాణ్ణి నలుగురిలో దొంగని చేశాడు. నిజం చెప్తే వాడి మీద పడ్డది పోతుంది, తెనాలి వెళ్ళడానికి తనకున్న దారీ పోతుంది. చెప్పకపోతే దారి ఉంటుంది, వాడు దొంగగానే ఉంటాడు.

సెల్ తీసి నొక్కాడు. చాలాసేపు మోగింది.

"ఆఁ" అన్నాడు లాజరు.

"స్పీడు వచ్చింది."

కోపం కంటే ముందు ప్రశ్న పరిగెత్తుకొచ్చినట్టు, "ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదు. తోటల్లో మోటార్లు ఆగాయి. అవి తిరిగినంతసేపే తప్పులొస్తున్నాయి. కరెంటు చాలట్లేదు. నీ ముక్కలు మంచివే."

"నేనడిగాను."

"అడిగావు."

"బాగుంటుందన్నావ్."

"అన్నాను."

రైలు కూత వినిపించింది, లాజరు వైపు నుంచి, తెనాలి స్టేషన్‌లోది. "స్టెబిలైజరు పెట్టుకో" అన్నాడు లాజరు. "ఎక్కడ కొన్నా ఒకటే. ఇంక ఇంత దూరం మోసుకురానక్కర్లేదు."

"అక్కర్లేదు" అన్నాడు ఫణి. అనాల్సిన మాట ఇంకొకటుంది. క్షమించు అనేది నాటకాల్లో మాట, నోట పెట్టుకుంటే తనకే నవ్వొచ్చేట్టుంది. సారీ అనేది బస్సులో కాలు తొక్కినప్పుడు అనేది. మధ్యలో ఏదో ఒక మాట ఉండాలి, ఇద్దరు స్నేహితులు వాడుకునేంత సైజులో. వెతుకుతున్నాడు. లాజరు కూడా ఫోన్ పెట్టెయ్యలేదు, ఊపిరి వినిపిస్తోంది. ఇంతలో అవతల మెట్ల మీద అడుగులు, ఎవరో ఆడమనిషి గొంతు, అబ్బాయి కొన్న మానిటరు మసగ్గా ఉందని. సెల్‌ని గాజు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. లాజరు మర్చిపోయి పెట్టాడో, ఉండనీ అని పెట్టాడో తెలీలేదు. ఫణి పెట్టెయ్యలేదు. ఆ షాపు ఇప్పుడు మొత్తం చెవిలో ఉంది. కుర్చీ జరిపిన చప్పుడు, స్క్రూడ్రైవర్ గాజు మీద దొర్లడం, కింద రోడ్డు, ఏదో పెట్టె మీద వేలితో తట్టడం, ఆ తర్వాత ఎవరూ మాట్లాడని కొద్దిసేపు. వాడు చెవి పెట్టి వింటున్నాడు. ఫణి లేచి ఫ్యాను ఆపేశాడు, సరిగ్గా వినపడటం కోసం.

"బాగవుతుందమ్మా" అన్నాడు లాజరు, దూరం నుంచి. "అవకపోతే మళ్ళీ తీసుకురండి. కూర్చుని చూద్దాం."

రెండో చెవి అరచేత్తో మూసుకుని, ఫణి అలాగే నిలబడ్డాడు.